ఢిల్లీ లేఖ: ఎదుటి పక్షపు చీటీ

పార్లమెంటు పత్రికా గ్యాలరీలో కూర్చుని ఏళ్ల తరబడి ఉపన్యాసాలు విన్నవాడిని. తన పక్షాన మాట్లాడడం ఎంత సులువో, ఎదుటివాడి పక్షాన నిలిచి ఆలోచించడం ఎంత కష్టమో నాకు తెలిసినది మాత్రం ఒక పాఠశాల హాలులో.

ఆ పాఠశాలలో భద్రతా సమితి నమూనా సమావేశం. చర్చనీయాంశం 1961 డిసెంబరు నాటి గోవా సమస్య. ఏ దేశానికి ఎవరు ప్రతినిధులో చీటీలు తీసి నిర్ణయించారు. మా పొరుగింటి తెలుగువారి అమ్మాయికి పోర్చుగల్ వచ్చింది. ముఖం చిన్నబుచ్చుకుని ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

“బాబాయిగారూ, మా తాతగారు స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. నేను పోర్చుగల్ తరఫున ఎలా మాట్లాడను?”

“వాళ్లు ఏమన్నారో తెలియకపోతే మనం ఏమి జవాబు చెప్పామో ఎలా తెలుస్తుందమ్మా?” అన్నాను. ఆమెకు తృప్తి కలగలేదు.

ఈ నమూనా సభల పుట్టుకలోనే ఒక విడ్డూరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం నానాజాతి సమితిని ప్రతిపాదించినవాడు అమెరికా అధ్యక్షుడు విల్సన్. వెర్సాయి సంధిని 1919లోను, 1920లోను తిరస్కరించినది ఆ దేశపు సెనేటే. అమెరికా ఆ సమితిలో చేరనే లేదు. అయినా 1920 దశకంలో హార్వర్డ్, సిరక్యూస్ వంటి విశ్వవిద్యాలయాల విద్యార్థులు నమూనా నానాజాతి సమితులు నడిపారు. పెద్దలు కాదన్న సభలో పిల్లలు కూర్చున్నారన్నమాట! 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పడిన తర్వాత ఆ సభలు కొత్త పేరు ధరించాయి. 1968లో హేగ్ నగరంలో పాఠశాల విద్యార్థుల సదస్సు ఆరంభమైంది. కాలక్రమాన ఈ అలవాటు మన నగరాలకు, మన హైదరాబాదుకు సైతం వచ్చింది.

మన దేశానికి ఇటువంటి ప్రయత్నం కొత్తేమీ కాదు. 1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్పుల మహాసభ విద్యాలయాలలో నమూనా పార్లమెంటులు జరపాలని సిఫార్సు చేసింది. 1966లో ఢిల్లీ పాఠశాలల్లో యువజన పార్లమెంటు పథకం మొదలై, తర్వాత కేంద్రీయ, నవోదయ విద్యాలయాలకు విస్తరించింది.

ఇక మా అమ్మాయి సంగతి. మరునాడు లేచి, బలప్రయోగాన్ని సమితి నియమావళి నిషేధించలేదా అని నిలదీసింది. హాలు నిశ్శబ్దమైంది. వలసపాలన కొనసాగడమే నిరంతర బలప్రయోగమని భారత ప్రతినిధి అయిన కుర్రవాడు తడబడుతూనే జవాబిచ్చాడు. నాటి అసలు సభలోవలెనే తీర్మానానికి అనుకూలంగా ఏడు, ప్రతికూలంగా నాలుగు ఓట్లు వచ్చాయి. సోవియట్ వీటోతో తీర్మానం వీగిపోయింది.

తిరుగుదారిలో ఆమె అన్నది: “గోవా మనదే, బాబాయిగారూ. కాని ఎందుకు మనదో ఇంతవరకు నాకు తెలియదు.”

నన్ను బాధించే విషయం ఒకటే. ఈ సదస్సులకు పెద్ద మొత్తాల్లో ప్రవేశ రుసుములు, వాదమంతా ఆంగ్లంలో. జిల్లా పరిషత్ పాఠశాల విద్యార్థి గుమ్మం బయటే ఉండిపోతాడు. ఆంగ్లం చదివి పట్టం పుచ్చుకున్నవాడినే నేనూ. అయినా వాదానికి ఆంగ్లమే కావాలనడం ఒప్పుకోలేను. కృష్ణా జలాల మీద మన ఊరి బడిలో తెలుగులోనే ఒక సభ జరపండి. ఆంధ్ర కుర్రవాడికి కర్ణాటక చీటీ, తెలంగాణ అమ్మాయికి ఆంధ్ర చీటీ ఇవ్వండి. దానికి రుసుము అక్కరలేదు. ఒక పూట తీరిక, ఒక ఉపాధ్యాయుడి ఓపిక చాలు.