చైనా రుచి... హలాల్‌గా మన ఇంట్లోనే

సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని బజారుకెళితే ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర వాళ్ల కాళ్లు ఆగిపోతాయి. పెద్ద మంట మీద ఎగిరిపడే నూడుల్స్, ఆ ఘుమఘుమ! 'అమ్మీ, ఒక్క ప్లేట్' అంటూ కొంగు పట్టుకుంటారు. ఆ కోడి జబీహాయో కాదో తెలియదు. సాస్‌లో ఏముందో తెలియదు. వద్దంటే పిల్లవాడి ముఖం చిన్నబోతుంది. కొనిస్తే మన మనసు ఒప్పుకోదు.

ఈ ఇరకాటానికి చైనా ముస్లింలు ఏనాడో జవాబు చెప్పారు. అక్కడ హుయీ ముస్లింలు కోటి మందికి పైగా ఉన్నారు. చుట్టూ ఉన్నవారి వంటల్లో పంది మాంసం, పంది కొవ్వు, బియ్యపు సారా మామూలు. అయినా హుయీలు చైనా వంటను వదులుకోలేదు, అందులోని హరామ్‌ను వదులుకున్నారు. పంది మాంసానికి బదులు గొర్రె, గొడ్డు మాంసం వాడారు. గాన్సు రాష్ట్రంలోని లాన్‌జౌ నగరంలో వారు చేత్తో సాగదీసి చేసే నూడుల్స్, మాంసం పులుసు ఈనాడు చైనా అంతటా ప్రసిద్ధం. ముస్లిమేతరులూ ఇష్టంగా తింటారు. హలాల్ హోటళ్ల బోర్డు మీద కనిపించే మాట 'చింగ్‌జెన్'. శుద్ధమైనది, సత్యమైనది అని దానికి అర్థం.

మనమూ ఆ దారినే నడవవచ్చు. ముందు సీసాల సంగతి చూద్దాం. సోయా సాస్ కొనేటప్పుడు మద్యం కలపనిది, హలాల్ ముద్ర ఉన్నది ఎంచుకోండి. సందేహముంటే ఆలిమ్‌ను అడగండి. ఆయిస్టర్ సాస్‌ను ఆల్చిప్పల నుంచి తీస్తారు. హనఫీ మజ్‌హబ్‌లో జలచరాల్లో చేప మాత్రమే హలాల్ కనుక ఆ మజ్‌హబ్‌వారు దాన్ని పక్కన పెట్టాలి. వెనిగర్ అంటే మన సిర్కాయే. దైవప్రవక్త (స) మెచ్చుకున్న ఆదరువు అది.

చికెన్ ఫ్రైడ్ రైస్ (నలుగురికి)

పొడిపొడిగా వండి చల్లార్చిన అన్నం 4 కప్పులు, ఎముకలేని జబీహా కోడి ముక్కలు 200 గ్రాములు, గుడ్లు 2, సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్, క్యాబేజీ కలిపి ఒకటిన్నర కప్పు, వెల్లుల్లి 6 రెబ్బలు, సోయా సాస్ 2 చెంచాలు, సిర్కా 1 చెంచా, మిరియాల పొడి, ఉల్లికాడలు, 3 చెంచాల నూనె తీసుకోండి.

కడాయి బాగా కాగాక నూనె వేసి, గుడ్లు పొరటి తీసి పక్కన పెట్టండి. అదే నూనెలో వెల్లుల్లి, కోడి ముక్కలు వేసి ముక్క పూర్తిగా ఉడికేదాకా వేయించండి. కూరగాయలు వేసి పెద్ద మంట మీద రెండు నిమిషాలే తిప్పండి. అవి కరకరలాడాలి. అన్నం, గుడ్లు, సోయా సాస్, సిర్కా, మిరియాల పొడి కలిపి పైన ఉల్లికాడలు చల్లండి. సోయా సాస్‌లోనే ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి. వేడి అన్నంతో చేస్తే ముద్దవుతుంది, జాగ్రత్త.

స్వీట్‌కార్న్ చికెన్ సూప్

150 గ్రాముల కోడి మాంసాన్ని 5 కప్పుల నీళ్లలో ఉడికించి, మాంసాన్ని పీచులుగా చీల్చండి. ఆ నీళ్లలోనే కప్పు స్వీట్‌కార్న్ గింజలు (సగం కచ్చాపచ్చాగా దంచి) వేసి పది నిమిషాలు మరగనివ్వండి. 2 చెంచాల కార్న్‌ఫ్లోర్ చన్నీళ్లలో కలిపి పోయండి. చిక్కబడ్డాక చిలకరించిన గుడ్డును సన్నని ధారగా పోస్తూ తిప్పండి. మాంసం, ఉప్పు, మిరియాల పొడి వేసి దింపండి. రంజాన్‌లో ఇఫ్తార్‌కు కడుపులో తేలిగ్గా ఉంటుంది.

ఈసారి పిల్లవాడు బండి దగ్గర ఆగితే 'వద్దు' అనకండి. 'ఇంటికి పద, చేసుకుందాం' అనండి. క్యారెట్ తరిగే పని వాడికే ఇవ్వండి. హలాల్ అంటే ఆంక్షల చిట్టా కాదని, శుభ్రమైన రుచి అని వాడికి ఆ వంటగదిలోనే తెలుస్తుంది. సూప్‌లో మాత్రం ఒక కప్పు నీళ్లు ఎక్కువే పోయండి. పులుసు కాస్త పెంచి పొరుగువారికి పంపమన్నది ప్రవక్త (స) బోధనే కదా!