పూలమొక్కకు బొగ్గు

పెన్నాతీరమున గల జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు వారును. పులివెందుల వైపు ఎఱ్ఱనేల పోసిన నీటిని నిలుపుకొనదు. సాలీనా సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో పెరటి మందారమునకు బిందెడు నీరు పోయుటయు ఆలోచింపవలసిన పనియే.

ఈ చిక్కునకు బొగ్గు ఒక ఉపాయము. వేరుసెనగ పొట్టును గాని, సర్కారు తుమ్మ కట్టెను గాని గాలి చాలనీయక కాల్చినచో బూడిద కాక, సూక్ష్మరంధ్రములు గల బొగ్గు మిగులును. దీనినే నేడు బయోచార్ అందురు. ఆ రంధ్రములు నీటిని, ఎరువుసారమును పట్టియుంచి వేళ్ళకు మెల్లగా అందించును. ఇది క్రొత్త విద్య కాదు. అమెజాను అడవులలో పూర్వులు బొగ్గు కలిపిన నేల వేయేండ్లు గడచినను నల్లగా, సారవంతముగానే యున్నది.

అయితే క్రొత్త బొగ్గును ఒంటిగా వేయరాదు. మొక్కకు చెందవలసిన నత్రజనిని అదియే పట్టుకొనగా ఆకులు పాలిపోవును. పేడనీటిలో రెండు వారములు నానవేసి, మాగిన ఎరువుతో కలిపి, కుండీమట్టిలో పదవవంతు మించకుండ వేయవలెను.

మరియొక జాగ్రత్త కలదు. బొగ్గునకు సాధారణముగా క్షారగుణ ముండును. పులివెందుల ఎఱ్ఱమట్టి దానిని కొంత ఓర్చుకొనవచ్చును. సున్నము హెచ్చుగా గల నల్లరేగడిలో మోతాదు మించినచో, ఇనుము అందక నూరువరహాల మొక్క లేతాకులు పసుపుబారును. కావున ముందు మట్టిని పరీక్ష చేయించుడు. పిదప బొగ్గు కాల్చుడు.