పొగ గొట్టానికీ స్టీరింగుకీ తగవు

మోటారు సైకిలు ఇంజను నుంచి బయటికి వచ్చే గొట్టాన్ని చూడండి. మెరుస్తూ, ఒకే ఒక్క వంపు తిరిగి, దర్జాగా వెనక్కి పోతుంది. దానికి అడ్డొచ్చేది ఏమీ లేదు. ఒకటే సిలిండరు, ఒకటే గొట్టం. మరి ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది గొట్టాలు అమర్చి, ఆ ఇంజనును దానికోసం తయారుకాని ఓ ఇరుకు కారులో కూర్చోబెడితే? అమెరికాలో ‘హాట్ రాడ్’ కార్లు కట్టేవాళ్లకు తప్పని చిక్కు ఇదే.

హాట్ రాడ్ అంటే పాత కారు చట్రంలో బలమైన ఇంజను పెట్టి, అనవసరపు బరువు తీసేసి, వేగానికి అనువుగా మార్చుకున్న బండి. 1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు ఇలాంటి బండ్లను మురోక్ అనే ఎండిన చెరువు మీద పరుగెత్తించేవారు. వాళ్లు ఎక్కువగా మోజుపడ్డది 1932 నాటి ఫోర్డు కారు. 1955లో షెవ్రొలే కంపెనీ ఎనిమిది సిలిండర్ల చిన్న ఇంజను ఒకటి తెచ్చింది. అప్పటినుంచి ఫోర్డు చట్రంలో షెవ్రొలే ఇంజను పెట్టడం మామూలైపోయింది. ఒక ఇంటి తలుపును ఇంకో ఇంటి ద్వారబంధానికి బిగించినట్లన్నమాట!

ఈ ఇంజనులో సిలిండర్లు ‘వి’ అక్షరంలాగా రెండు వరసల్లో, వరసకు నాలుగు చొప్పున ఉంటాయి. కాలిన వాయువు రెండు వరసల బయటి వైపులనుంచి వస్తుంది. కంపెనీ వాళ్లయితే ఒక్కో వైపు నాలుగు రంధ్రాలనూ కలిపి ఒక పోత ఇనుప పెట్టె బిగిస్తారు. వేగం కోరేవాళ్లు దాన్ని తీసేసి, ఒక్కో సిలిండరుకు ఒక్కో ఉక్కు గొట్టం పెట్టి, నాలుగింటినీ కొంతదూరం పోయాక ఒకటిగా కలుపుతారు. వీటినే హెడర్లు అంటారు.

విడి గొట్టాలు ఎందుకు? ఈ ఇంజనులో సిలిండర్లు పేలే వరస 1-8-4-3-6-5-7-2. ఎడమ వైపున్నవి 1, 3, 5, 7. వరసలో 5, 7 పక్కపక్కనే ఉన్నాయి, గమనించారా? ఐదోది తన పొగను ఇంకా వదులుతూ ఉండగానే ఏడోది తలుపు తీస్తుంది. రెండూ ఒకే ఇరుకు పెట్టెలోకి వదిలితే ఏడోదాని తోపుడు ఐదోదానికి ఎదురు తగులుతుంది. బడి వదిలినప్పుడు రెండు తరగతుల పిల్లలు ఒకే గుమ్మంలో ఇరుక్కున్నట్లు!

విడి గొట్టంతో ఇంకో లాభం కూడా ఉంది. కవాటం తెరుచుకోగానే పీడనపు అల ఒకటి గొట్టం వెంట పరుగెడుతుంది. గొట్టం పెద్ద గొట్టంలోకి తెరుచుకునే చోట ఆ అల తలకిందులై, పీల్చే అలగా వెనక్కి వస్తుంది. 500 సెంటీగ్రేడు డిగ్రీల వేడి వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు 550 మీటర్లు. గొట్టం పొడవు 80 సెంటీమీటర్లయితే అల పోయి రావడానికి సుమారు సెకనులో వెయ్యింట మూడు వంతులు పడుతుంది. నిమిషానికి 6000 సార్లు తిరిగే ఇంజను ఆలోగా మూడోవంతు చుట్టు కూడా తిరగదు. కవాటం ఇంకా తెరిచే ఉంటుంది. వచ్చిన అల మిగిలిన పొగను లాగేస్తుంది. అందుకే నాలుగు గొట్టాలూ ఇంచుమించు ఒకే పొడవుండాలని కోరుకుంటారు.

వాయువు కోరిక అది. చట్రం మాట వేరు. అమెరికాలో డ్రైవరు ఎడమ వైపు కూర్చుంటాడు. 1932 ఫోర్డులో స్టీరింగు పెట్టె చట్రపు ఎడమ దూలానికి బిగించి ఉంటుంది. అంటే, సరిగ్గా 5, 7 సిలిండర్ల గొట్టాలు దిగవలసిన చోటే! దానికి కాస్త ముందు ఇంజనును మోసే మౌంటింగు. మన దేశంలో స్టీరింగు కుడివైపు కాబట్టి అదే ఇంజనును ఇక్కడ పెడితే తగవు కుడివైపుకు మారుతుంది.

ఎవరు తప్పుకోవాలి? గొట్టం తప్పుకోవాలి. గొట్టం కాస్త వంకర పోతే ఇంజను కొద్ది బలం కోల్పోతుంది. స్టీరింగు పట్టేస్తే మలుపు దగ్గర మనిషి ప్రాణం పోతుంది.

గొట్టానికీ స్టీరింగు రాడ్డుకూ మధ్య కాగితం దూరేంత సందు ఉంటే చాలదా అంటారేమో! చాలదు. న్యూటను మూడో నియమం గుర్తుందా? ఇంజను ఇరుసును ఒకవైపు తిప్పుతుంటే ఇంజను దిమ్మ రెండోవైపు తిరగబోతుంది. డ్రైవరు ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కితే ఈ ఇంజను ఎడమ వైపు పైకి లేస్తుంది. మౌంటింగులో రబ్బరు ఉంటుంది గనుక ఆ కదలిక చిన్నదేమీ కాదు. ఇంజనుతోపాటు గొట్టాలూ కదులుతాయి, స్టీరింగు మాత్రం చట్రంతోనే ఉండిపోతుంది. 1971 చివర జనరల్ మోటార్స్ సంస్థ సుమారు 67 లక్షల షెవ్రొలే కార్లను వెనక్కి పిలిచింది. మౌంటింగు రబ్బరు ఊడితే ఇంజను పైకి లేచి, యాక్సిలరేటరు తెరుచుకుని ఉండిపోయే ప్రమాదం ఉందని! మరమ్మతు ఏమిటంటే, ఇంజను లేవకుండా ఒక ఉక్కు తీగతో కట్టడం.

వేడి సంగతి కూడా లెక్కవేయండి. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 80 సెంటీమీటర్ల గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది ఎంత? దాదాపు 5 మిల్లీమీటర్లు. మా పదో తరగతి పిల్లలు ఈ లెక్క చేసి, గొట్టం సన్నం కదా, తక్కువ పెరగదా అని అడుగుతారు. పొడవు పెరుగుదలకు లావుతో పనిలేదు. అందుకే మంచి పనివాడు స్టీరింగు దగ్గర కనీసం వేలు సులువుగా దూరేంత ఖాళీ వదులుతాడు. అక్కడి రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు వేడి తగలకుండా మధ్యలో రేకు అడ్డం పెడతాడు.

పని జరిగే వరస కూడా దీన్నిబట్టే ఉంటుంది. మొదట ఇంజనును దాని పూర్తి బరువుతో మౌంటింగుల మీద దించుతారు. బరువు పడితేగాని రబ్బరు ఎంత అణిగేదీ తెలియదు. తరువాత స్టీరింగు. రాడ్డు నేరుగా పోలేకపోతే దాన్ని ముక్కలు చేసి యూనివర్సల్ జాయింటుతో కలుపుతారు. లారీ కింద పొడవాటి షాఫ్టు చివర కనిపించేది ఇలాంటి జాయింటే. ఒక్కో జాయింటు వంపు సుమారు 30 డిగ్రీలు దాటనివ్వరు. మూడు జాయింట్లు పెడితే రాడ్డు వేలాడకుండా మధ్యలో బేరింగు ఆధారం ఉండాలి. గొట్టాల వంతు ఆ తరువాతే.

గొట్టాన్ని వంచడం కూడా తమాషా పనే. రబ్బరు గొట్టాన్ని ఒక్కసారి మడిచి చూడండి, మడత దగ్గర నొక్కుకుపోతుంది. ఉక్కు గొట్టమూ అంతే. పూర్వం లోపల ఇసుక దట్టించి వంచేవారు. ఇప్పుడు లోపల ఉక్కు దిమ్మ ఆనించి వంచే యంత్రాలున్నాయి. ఇలా వంచిన ముక్కలను కోసి, ఒక్కో చుక్క వెల్డింగు పెట్టి, బండిలో సరిచూస్తూ పోతారు. స్పార్కు ప్లగ్గుకు పానా అందుతుందా? బోల్టు తిరుగుతుందా? ఇంజను ఎత్తకుండా గొట్టాలను కిందనుంచి తీయగలమా? ఎక్కడా చోటు దొరకకపోతే మళ్లీ పోత ఇనుప పెట్టెనే వాడేవాళ్లున్నారు. పొట్టేలు కొమ్ముల్లా వంపు తిరిగి మధ్యలోనుంచి కిందికి దిగే రకం ఒకటుంది. బలం కాస్త తగ్గినా, స్టీరింగుకు దూరంగా ఒదుగుతుంది. వీధిలో తిరిగే బండికి నా దృష్టిలో అదే మేలు.

వెల్డింగు పూర్తిచేసే ముందు ఇంకో పరీక్ష ఉంది. గొట్టానికీ రాడ్డుకూ మధ్య మెత్తటి బంకమట్టి ముద్ద పెడతారు. ఒకరు స్టీరింగును ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పుతుంటే, ఇంకొకరు గునపంతో ఇంజనును ఎత్తి వదులుతారు. తరువాత ముద్దను తీసి, అన్నిటికంటే పలచగా నలిగిన చోట స్కేలు పెట్టి కొలుస్తారు.