నడుమునొప్పికి తగిన పడక



నడుమునొప్పి గలవారు కటికనేలపైనో చెక్కబల్లపైనో పరుండవలెనని మనలో పలువురి నమ్మకము. ఒకప్పుడు వైద్యులును అట్లే చెప్పుచుండిరి. నలువదియేండ్లు బడిలో నిలుచుండి పాఠములు చెప్పిన నా నడుమునకును ఈ యుపదేశము పెక్కుమారులు లభించినది. ఇది యెంతవరకు నిజమో విచారింతము.

స్పెయిను దేశమున చిరకాలపు నడుమునొప్పి గల 313 మందిలో కొందరికి గట్టి పరుపులను, కొందరికి నడితరపు పరుపులను ఇచ్చి 90 దినములు పరీక్షించిరి. నడితరపు పరుపువారికే ఉపశమన మధికముగా కలిగినదని 2003లో లాన్సెట్ అను వైద్యపత్రిక ప్రకటించినది.

కారణము సుబోధము. వెన్నునకు నడుమువద్ద లోవంపు కలదు. కటికనేలపై భుజములు, పిరుదులు మాత్రమే భారము మోయును. నడుమునకు ఆధార ముండదు. వదులైన నులకమంచమునందన్ననో పిరుదులు క్రుంగి వెన్ను వంగిపోవును.

వెల్లకిల పరుండి నడుముక్రింద అరచేయి దూర్చి చూడుడు. చేయి దూరియు సందు మిగిలినచో పడక మిక్కిలి గట్టిది. ఎంతకును దూరనిచో మిక్కిలి మెత్తనిది. కావున నులక బిగింపుడు. ఉండలుగట్టిన దూదిని ఏకించి మరల కుట్టింపుడు. వెల్లకిల పరుండువారు మోకాళ్ళక్రిందను, ప్రక్కకు తిరిగి పరుండువారు మోకాళ్ళ మధ్యను దిండుంచుకొనుట మేలు.

అయితే కాళ్ళు పట్టుదప్పినను, తొడలసందున స్పర్శ తెలియకున్నను, మూత్రము బంధించినను పరుపుల విచారము మాని ఆ క్షణమే వైద్యశాలకు పోవలెను.

వార్ధక్యమున నేలనుండి లేచుటయే యొక శ్రమ. ఓర్వరాని బాధ నోర్చుకొనుట తపస్సు కాదు.