సముద్రం దాటిన కథ



గోదావరి తీరాన ఉన్న ఒక కుటుంబం బహ్రెయిన్ వచ్చి మనామాలో కాపురం పెట్టిందనుకోండి. వరిచేలకు మారుగా ఎడారి కనిపిస్తుంది. బడికి సెలవు ఆదివారం కాక శుక్రవారం వస్తుంది. అంతమాత్రాన అమ్మ అమ్మ కాకపోదు. అక్కాచెల్లెళ్ల ప్రేమ తగ్గిపోదు. కథలు కూడా ఇట్లే ప్రయాణం చేస్తాయి.

ఇంగ్లండులో జేన్ ఆస్టిన్ (1775–1817) అనే రచయిత్రి ఉండేది. ఆమె నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' 1811లో వెలువడింది. పుస్తకంపై ఆమె పేరు లేదు. 'ఒక స్త్రీ రచన' అని మాత్రమే ఉంది. తండ్రి మరణించగా ఆస్తి సవతి అన్నకు పోతుంది. తల్లీ కూతుళ్లు చిన్న ఇంటికి చేరతారు. పెద్దమ్మాయి ఎలినార్ దుఃఖాన్ని దిగమింగుకుంటుంది. చెల్లెలు మేరియాన్ మనసులో ఏదీ దాచుకోలేదు. ఆమె ప్రేమించినవాడు డబ్బు కోసం వేరొకరిని పెళ్లాడతాడు.

ఈ కథనే రాజీవ్ మీనన్ 2000లో తమిళంలో 'కండుకొండేన్ కండుకొండేన్' అనే చలనచిత్రంగా తీశారు. అది తెలుగులోకి 'ప్రియురాలు పిలిచింది' పేరుతో అనువాదమై వచ్చింది. హైదరాబాదులో పుట్టిన టబు అక్కగా, ఐశ్వర్యా రాయ్ చెల్లెలుగా నటించారు. సంగీతం ఏ.ఆర్. రెహమాన్‌ది.

ఇందులో ఏమి మారింది? ఇంగ్లండు భవనానికి బదులు కారైకుడి ప్రాంతపు పెద్ద లోగిలి వచ్చింది. తాత పోగానే అది మేనమామ వశమవుతుంది. నవలలోని కర్నల్ బ్రాండన్, యుద్ధంలో కాలు పోగొట్టుకున్న మేజర్ బాలా అయ్యాడు. ముఖ్యమైన మార్పు మరొకటి. ఆనాటి ఇంగ్లండులో గొప్పింటి ఆడపిల్లలు ఉద్యోగం చేయటం మర్యాద కాదు. చిత్రంలో అక్క మద్రాసు చేరి కంప్యూటర్ సంస్థలో పని సంపాదిస్తుంది. చెల్లెలు సినిమాలలో పాడుతుంది.

మారనిది ఏమిటి? నిన్నటిదాకా తమదైన ఇంట్లో ఆడపిల్లలు నేడు పరాయివారవుతారు. ఈ బాధ మనకూ తెలిసినదే. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్లికాని హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు 1985 సెప్టెంబరు నుండి వర్తించేలా చట్టం చేశారు. 2005లో కుమార్తెలకు ఆ హక్కు దేశమంతటా లభించింది.

కనుక ఒక కథను వేరొక దేశానికి తేవటమంటే పేర్లు మార్చటం మాత్రమే కాదు. ఆ బాధ ఇక్కడ ఏ ఇంట్లో ఉన్నదో వెదకి చూపటం.

ప్రశ్నలు
1. నవలలోని అక్కాచెల్లెళ్ల స్వభావాలలో భేదమేమి?
2. చిత్రంలోని అక్కాచెల్లెళ్లు తమ కష్టాన్ని ఎట్లా ఎదుర్కొన్నారు?
3. మీకు తెలిసిన తెలుగు కథ ఒకటి బహ్రెయిన్‌లో జరిగితే ఏవి మారతాయి? ఏవి మారవు?