ఫోనులోని పైకం ఎవరి జిమ్మాలో ఉన్నది?

కారంపూడిలో టీ బంకు వద్దనైనా, ఎరువుల కొట్టు వద్దనైనా గళ్ళ బొమ్మకు ఫోను చూపి పైకం చెల్లించడం నేడు మామూలు సంగతి. దీనిని కొందరు డిజిటల్ కరెన్సీ అంటున్నారు. బిట్‌కాయిన్‌నూ అలాగే పిలుస్తున్నారు. 2022 డిసెంబరు 1న రిజర్వు బ్యాంకు సామాన్యుల కొరకు ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టిన డిజిటల్ రూపాయికీ అదే పేరు. వస్తువులు మూడు, పేరు ఒకటి. అందుచేత ఇది హలాలా, హరామా అని అడిగేవారు ఒకే జవాబు కోరుతున్నారు. అటువంటి జవాబు లేదు.

ఫిఖహ్ దృష్టితో ముందుగా అడగవలసినది ఈ పైకం ఎవరి జిమ్మాలో ఉన్నదని. 2016లో మొదలైన యూపీఐ కొత్త నాణెం కాదు; బ్యాంకుకు మనం పంపే ఉత్తర్వు మాత్రమే. ఖాతాలోని సొమ్ము బ్యాంకు మనకు పడిన బాకీ. పొదుపు ఖాతాపై వడ్డీ జమ అవుతుంటే ఆ దోషం ఖాతాది గాని ఫోనుది కాదు.

డిజిటల్ రూపాయి సంగతి వేరు. 2022 ఆర్థిక చట్టం ద్వారా రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, నోటు నిర్వచనంలో డిజిటల్ రూపాన్ని చేర్చారు. ఇది రిజర్వు బ్యాంకు స్వయంగా పూచీపడే నోటు. దీనిపై వడ్డీ రాదు. వడ్డీకి జంకి సొమ్మును ఇనప్పెట్టెలో దాచే మనవారు ఈ ఒక్క గుణాన్ని తప్పక గమనించాలి. అయితే వాడకం ఇంకా స్వల్పమే: 2025 మార్చి చివరకు చెలామణిలో ఉన్నది సుమారు 1,016 కోట్ల రూపాయలు. ఎవరు ఎక్కడ ఖర్చు పెట్టినదీ కనిపెట్టవచ్చుననే భయం కూడా నిరాధారం కాదు.

కంటికి కనబడనిది ధనమెలా అవుతుందని పెద్దలు సందేహిస్తారు. కాగితపు నోటుకూ ఇదే తగవు వచ్చింది. నోటు కేవలం బాకీ పత్రమని మన దేశపు ఉలమాలలో పలువురు ఒకప్పుడు భావించారు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ నోటును సంపూర్ణ ధనంగా గుర్తించి, జకాత్, వడ్డీ నియమాలు దానికీ వర్తిస్తాయని తీర్మానించింది. అంతకు చాలా ముందే హజ్రత్ ఉమర్ (రజి) ఒంటె చర్మంతో దిర్హములు చేయించదలచారనీ, ఒంటెలు మిగలవని చెప్పగా మానుకున్నారనీ చరిత్రకారుడు బలాజురీ వ్రాశాడు. అడ్డు వచ్చింది చర్మమనే కారణం కాదు, ఒంటెల కొరత!

బిట్‌కాయిన్ ఎవరి జిమ్మాలోనూ లేదు. ఈజిప్టు దారుల్ ఇఫ్తా దానిని నిషేధించింది. ఇండొనేషియా ఉలమా మండలి 2021లో క్రిప్టోను కరెన్సీగా వాడడం హరామన్నది. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్ షరీఅత్ సలహా మండలి 2020లో డిజిటల్ ఆస్తుల క్రయవిక్రయాలను అనుమతించింది. మన ప్రభుత్వం 2022 ఏప్రిల్ నుండి ఆ లాభాలపై 30 శాతం పన్ను విధిస్తున్నది. పన్ను వేసినంత మాత్రాన అది చెల్లుబాటు కరెన్సీ కాలేదు. రాత్రికి రాత్రి ధర తలక్రిందులయ్యేదానిలో మిర్చి అమ్మిన సొమ్ము పోయడం జూదానికి దగ్గరేనని ఈ రచయిత అభిప్రాయం.

ఇళ్ళలో తరచు వచ్చే ప్రశ్న మరొకటి: ఫోను ద్వారా చెల్లించి బంగారం కొనవచ్చునా? ఖాతాలో జమ కావడం స్వాధీనంతో సమానమని అదే అకాడమీ 1990లో జిద్దాలో తీర్మానించింది. కనుక పైకం పంపి, నగను అక్కడికక్కడే తీసుకుంటే చిక్కు లేదు. ముందుగా పైకం కట్టి, పెళ్ళినాటికి నగ తీసుకునే ఒప్పందంలోనే వివాదమున్నది. ఒక వైపు స్వాధీనమైతే చాలునని హనఫీ ఉలమాలలో కొందరు, రెండు వైపులా అప్పుడే జరగాలని తక్కినవారు అంటారు.