అండమాన్ ప్రయాణం – ఆనూప దేశంలో ఆరోగ్య రక్షణ

మా దేవరాపల్లి, చోడవరం ప్రాంతాల వారికి అండమాన్ పేరు కొత్త కాదు. ఉత్తరాంధ్ర నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. బంధువుల ఇళ్ళకు వెళ్ళేవారు కొందరు, విహారానికి వెళ్ళేవారు మరికొందరు. బయలుదేరే ముందు నా వద్దకు వచ్చి, "అయ్యా, కూడా ఏ మందులు పట్టుకెళ్ళమంటారు?" అని అడుగుతారు.

చరక సంహిత భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా చెప్పింది. నీరు, చెట్లు, తేమగాలి అధికంగా గల సముద్రతీర భూములు ఆనూప దేశాలు. అక్కడ వాత కఫ వ్యాధులు ఎక్కువ. అండమాన్‌లో నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ వర్షిస్తాయి. అందుచేత మితంగా, వేడివేడిగా భుజించవలెను. కాచి చల్లార్చిన నీరే త్రాగవలెను.

విశాఖ నుండి ఓడపై వెళ్ళేవారికి సుమారు మూడు రోజుల ప్రయాణం. వాంతి, తల తిరుగుడు కలిగేవారు చిటికెడు శొంఠిపొడిని బెల్లంతో కలిపి ముందుగానే సేవించవలెను. గర్భిణులు, రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు వైద్యుని అడగనిదే తీసుకొనరాదు. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగవలెను. కొబ్బరినీళ్ళు అక్కడ సమృద్ధి. అయితే మూత్రపిండాల వ్యాధి గలవారికి అవి హానికరం కావచ్చు.

దోమలకు వేపనూనె రాసుకోమని నేనూ ఒకప్పుడు చెప్పేవాడిని. అదొక్కటే చాలదు. దోమతెర, నిండు చేతుల వస్త్రాలు తప్పనిసరి. మొసళ్ళ హెచ్చరిక పలకలున్న చోట నీట దిగరాదు.

ఇక అసలు విషయం. కొన్నేళ్ళ క్రిందట మా ప్రాంతపు రైతు ఒకరు జ్వరంతో వచ్చారు. ఒళ్ళునొప్పులు, తలనొప్పి ఉన్నాయి. వానాకాలపు జ్వరమని తలచి తిప్పతీగ, తుంగముస్తల కషాయం ఇచ్చాను. మూడవ నాటికి కళ్ళు ఎర్రబడి, పచ్చదనం కూడా కనిపించింది. పిక్కలు తాకితే విలవిలలాడారు. మూత్రం తగ్గింది. అప్పుడు అడిగితే చెప్పారు: ఉత్తర అండమాన్‌లోని డిగ్లిపూర్ వద్ద బంధువుల వరిమడిలో వారం పాటు పనిచేసి వచ్చారట, కాలికి పుండు కూడా ఉందట.

రోగి ఏ దేశంలో ఉండగా వ్యాధి సోకిందో ముందుగా విచారించమని గురుకులంలో నేర్చినవాడిని. ఆ ప్రశ్న వేయడమే మరచాను. తప్పు నాదే.

అది లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటిలోని సూక్ష్మజీవి పుండ్ల ద్వారా శరీరంలో ప్రవేశిస్తుంది. తడిసిన నాటి నుండి రెండు రోజులు మొదలు నాలుగు వారాల లోపు ఎప్పుడైనా జ్వరం రావచ్చు. ఆరంభంలో యాంటీబయాటిక్‌లతో బాగా లొంగుతుంది. ఆలస్యమైతే మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దీనికి కషాయాలతో కాలయాపన తగదు. వెంటనే విశాఖకు పంపాను. కొద్ది వారాలకు కోలుకున్నారు.

ద్వీపాల నుండి వచ్చిన నెలలోపు జ్వరం వస్తే ఆనాడే ఆసుపత్రికి వెళ్ళి, ఎక్కడికి వెళ్ళి వచ్చారో, ఏ నీటిలో దిగారో చెప్పి, మలేరియా, డెంగ్యూ, లెప్టో పరీక్షలు చేయించుకొనవలెను.

ఆ రైతు మరుసటి ఏడు మళ్ళీ ప్రయాణమై శొంఠిపొడి కోసం వచ్చారు. పొట్లం కట్టి ఇస్తూ, మోకాళ్ళ వరకు వచ్చే రబ్బరు బూట్లు కొన్నారా అని అడిగాను. సంచిలోంచి తీసి చూపించారు.